ఓల్డ్‌టైమ్ ఫిడేలు ఎక్కడ మొదలుపెట్టాలి? మన ఫిడేలు మీద వస్తుందా?

కావలి కమాను:
మాది కావలి. చిన్నప్పుడు నాలుగేళ్ళు ఫిడేలు నేర్చుకున్నా, వర్ణాల దాకా వచ్చాక ఇంటర్ చదువు టెన్షన్‌లో ఆపేశా. పోయిన నెల ఒక రాత్రి నిద్ర పట్టక ఏవేవో వింటుంటే టామీ జారెల్ అనే ఆయన రికార్డింగ్ ఒకటి తగిలింది, ఇక అక్కడినుంచి కదల్లేదు. ఒకటే మెట్టు (ట్యూన్), తిప్పి తిప్పి వాయిస్తాడు, కానీ ప్రతి తిప్పుకీ కమాను ఎక్కడో కొంచెం మారుతుంది, పక్క తీగ మాత్రం శృతిపెట్టె వేసినట్టు మోగుతానే ఉంటుంది. అమెరికా కొండ ప్రాంతాల పాత ఫిడేలు సంగీతాన్ని ఓల్డ్‌టైమ్ అంటారనీ, బాంజో, గిటార్ కలిస్తే స్ట్రింగ్ బ్యాండ్ అవుతుందనీ, అంతవరకే తెలిసింది. ఎవర్ని వినాలి? అటక మీదినుంచి ఫిడేలు దించితే మన పద్ధతిలో కింద కూర్చుని ఇది వాయించొచ్చా, లేకపోతే వెస్టర్న్ మాస్టారి దగ్గర మొదటినుంచీ నేర్చుకోవాలా? ఇక్కడ నాకు తెలిసినవాళ్ళలో చెప్పేవాళ్ళు లేరు.

గూడూరు శృతిపెట్టె:
తమ్ముడూ, నువ్వు విన్న ఆ మోగే తీగ నీ ఫిడేలులో ఇప్పటికే ఉంది. వెస్టర్న్ వాళ్ళు మామూలుగా జీ డీ ఏ ఈ అని కడతారు. ఓల్డ్‌టైమ్ వాళ్ళు చాలా మెట్లకు కింది రెండు తీగల్నీ ఒక్కో స్వరం పైకి లాగి ఏ ఈ ఏ ఈ అని పెట్టుకుంటారు, దాన్ని క్రాస్ ట్యూనింగ్ అంటారు. ఏ ని షడ్జం అనుకుని చూడు. స ప స ప! మనం రోజూ కట్టే శృతి. ఇది తెలిసిన రోజు పాఠం మధ్యలో ఆపి పిల్లలందరికీ వినిపించా. చిన్నప్పుడు నొట్టుస్వరాలు వాయించే ఉంటావు, వాటిలో కొన్ని ముత్తుస్వామి దీక్షితులవారు ఐరిష్, స్కాటిష్ మెట్లకు సంస్కృత సాహిత్యం కట్టినవే, కాబట్టి ఈ చుట్టరికం ఇప్పటిది కాదు.

ఒక్క జాగ్రత్త. షడ్జం ఎంత ఎత్తులో పెట్టుకుంటామో చెప్పే మన అంకెల లెక్కలో వాళ్ళ ఏ అంటే ఆరు శృతి. నీ ఫిడేలు రెండుకో రెండున్నరకో కట్టి ఉంటుంది, అన్నేళ్ళు అటక మీద పడున్న తీగల్ని అంత పైకి బిగించబాకు, తెగుతాయి. నీ శృతి నీకు ఉంచుకుని, యాప్‌లో రికార్డింగ్ శృతినే కిందికి దించుకో. కూర్చోవడం అంటావా, అక్కడి పాతవాళ్ళు చాలామంది ఫిడేలును గడ్డం కింద కాకుండా ఛాతీకి ఆనించి వాయించేవాళ్ళు, నువ్వు కింద కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కమాను దగ్గర మాత్రం కష్టపడాలి. మన అందం ఎడమచేతి గమకంలో ఉంది, వాళ్ళది కుడి మణికట్టులో. ఒక పొడుగు, రెండు పొట్టి, ఆ వరస మీద కమానును ఊపుతూ పక్క తీగను తాకించి వదిలేస్తుంటారు, దాన్ని షఫుల్ అంటారు. స్వరాలు నాకు రెండు రోజుల్లో వచ్చాయి, ఈ ఊపు రావడానికి మూడు నెలలు పట్టింది. ఇంకో సంగతి, జారెల్ గాంధారం శ్రద్ధగా విను, చాలాచోట్ల సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) నడుమ నిలబెడతాడు. అది అపస్వరం కాదు, ఆ కొండల వాళ్ళ పాత చెవి. కీబోర్డు పక్కన పెట్టుకుని సరిచేయబాకు.

ఒంగోలు నుంచి షార్లెట్:
నాది ఒంగోలు, తొమ్మిదేళ్ళుగా నార్త్ కరోలినాలో ఉంటున్నా. జారెల్ గారిది ఈ రాష్ట్రమే, సర్రీ కౌంటీలో రౌండ్ పీక్ దగ్గర. 1901లో పుట్టి 1985లో పోయారు. రోడ్డు చదును చేసే బండి నడిపి రిటైరైన మనిషి, ఆ తర్వాత ఎక్కడెక్కడి కుర్రవాళ్ళో ఇంటికొచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నారు. ముందు ఆయన ఫిడేలూ, ఫ్రెడ్ కాకర్‌హామ్ బాంజో కలిసినవి వినండి. అక్కడి బాంజో మీటడం కాదు, గోటి వెనకతో తీగను కిందికి కొట్టడం, బొటనవేలు ఐదో పొట్టి తీగ మీద పడుతుంటుంది. తర్వాత వెనక్కి వెళ్ళండి: 1922లో ఎక్ రాబర్ట్‌సన్, 1923లో అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ రికార్డు చేసినవి, ఆపైన చార్లీ పూల్, స్కిల్లెట్ లిక్కర్స్ అనే బ్యాండ్.

జో థాంప్సన్‌ను మాత్రం వదలొద్దు. ఆయన నల్లజాతి ఫిడేలు విద్వాంసుడు, 2012లో 93 ఏళ్ళకు పోయారు, కరోలినా చాకొలెట్ డ్రాప్స్ అనే బ్యాండ్ వాళ్ళు ఆయన ఇంటికి వెళ్ళి నేర్చుకున్నారు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వాద్యం, అది వచ్చి ఫిడేలుతో కలవబట్టే ఈ సంగీతం పుట్టింది. అప్పటి రికార్డు కంపెనీలు నల్లవాళ్ళ పాటల్నీ తెల్లవాళ్ళ పాటల్నీ విడివిడి పట్టీల్లో అమ్మడంతో నల్లవాళ్ళ స్ట్రింగ్ బ్యాండ్లు చాలా తక్కువగా రికార్డయ్యాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వర్జీనియాలో గేలాక్స్ అనే ఊళ్ళో 1935 నుంచి ఫిడేలు పోటీలు జరుగుతున్నాయి, ఆగస్టులో వెళ్ళా. స్టేజీ కన్నా బయట గుడారాల మధ్యే నాకు నచ్చింది. ఆరేడుగురు గుండ్రంగా కూర్చుని ఒకే మెట్టు పది పన్నెండుసార్లు వాయిస్తారు, ఎవరూ విడిగా ముందుకొచ్చి సోలో చేయరు. ఆపాలనుకున్నప్పుడు మెట్టు ఎత్తుకున్నాయన కాలు పైకి లేపుతాడు, ఆ తిప్పుతో అందరూ టక్కున ఆగుతారు. మెట్టులో రెండు భాగాలుంటాయి, ఒక్కోటి రెండేసిసార్లు. కింది తీగల మీద నడిచేదాన్ని కోర్స్ అనీ, పైకి ఎక్కేదాన్ని ఫైన్ అనీ అంటారు.

కందుకూరు చెక్కభజన:
అందరూ బాగా చెప్పారు, కానీ యాప్‌లో నిదానం చేసి స్వరాలు రాసుకునే పని మాత్రం పెట్టుకోబాకండి. మా ఊళ్ళో చెక్కభజన ఎవరూ పుస్తకంలో చూసి నేర్చుకోలా. గుండ్రంగా తిరుగుతా ఉంటే ఇరవయ్యోసారికి అడుగే వచ్చేస్తుంది. ఇదీ నాట్యానికి వాయించిన సంగీతమే కదా, కాలు కదలకుండా స్వరాలొక్కటే పట్టుకుంటే ఎండిపోయినట్టు ఉంటుంది. ఒకటే మెట్టు తీసుకోండి, వారం రోజులు బండి మీద పోతా వస్తా నోటితో పాడుకోండి, తర్వాత కమాను పట్టండి.

కావలి కమాను:
అందరికీ చాలా థాంక్స్. ఆదివారం ఫిడేలు దించా. పై తీగ తుప్పు పట్టి ఉంది, బిగించీ బిగించకముందే తెగింది, మిగతా మూడింటి మీద స ప స కట్టుకుని రెండున్నరలోనే కూర్చున్నా. గూడూరు అక్క చెప్పినట్టు మధ్య స తీగ మీద వేలు పెట్టి వాయిస్తూ కింది ప తీగను తాకిస్తుంటే ఒక్కసారిగా ఆ రాత్రి విన్న చప్పుడే వచ్చింది, చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏందిరా అది, కోలాటం పాటలాగుండాదే" అని కాసేపు గడప దగ్గరే నిలబడింది. కోర్స్ భాగం వచ్చింది. ఫైన్ భాగానికి పై తీగ కావాలి, శనివారం నెల్లూరు పోయి తెచ్చుకుంటా.