అబ్బాయి గ్రూప్ థెరపీకి మమ్మల్నీ రమ్మంటున్నారు, వెళ్లాలా?

ప్రశ్న (ఒక అమ్మ):
మా వాడికి 16 ఏళ్లు. ఏడాదిగా బాగా కుంగిపోయి ఉన్నాడు, రెండుసార్లు తనను తాను గాయపరచుకున్నాడు కూడా. డీబీటీ (ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం నేర్పే ఒక రకం థెరపీ) చేసే థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు, కాస్త నయమే. ఇప్పుడు ఆవిడ వారానికోసారి గ్రూప్ ఉంటుంది, ఆరు కుటుంబాలు, అమ్మానాన్నలు కూడా రావాలి అంటున్నారు. వీడేమో "మీరొస్తే నేను రాను" అని తలుపేసుకున్నాడు. మావారు "మనింటి సంగతులు పదిమందిలో పెట్టుకోవడం ఎందుకు" అంటారు. నాకూ టెన్షన్‌గానే ఉంది, తప్పంతా నాదేనని అందరి ముందూ తేలుతుందేమోనని. వెళ్లినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (ఇద్దరు పిల్లల తండ్రి):
వెళ్లండి. మొదటి మూడు వారాలు నేను నోరు విప్పలేదు. నాలుగో వారం వేరేవాళ్ల అమ్మాయి వాళ్లమ్మతో "నేను సగం చెప్పేసరికే నువ్వు సలహా మొదలెడతావు, అందుకే చెప్పడం మానేశా" అంది. ఆ మాట మా అమ్మాయి నాతో చాలాసార్లు అంది, అన్నప్పుడల్లా నేను వాదించాను. వేరేవాళ్ల పిల్ల నోట వింటే వాదించడానికి ఏమీ లేదు కదా, అలా విన్నాను, మొదటిసారి. ఇంట్లో ఎన్ని గంటలు కూర్చుని మాట్లాడుకున్నా ఇది జరగలేదు.

జవాబు (పిల్లలతో పనిచేసే కౌన్సెలర్):
ఇది కొత్త ప్రయోగం కాదండీ. 1950లలోనే న్యూయార్క్‌లో పీటర్ లాకర్ అనే సైకియాట్రిస్ట్ రోగుల కుటుంబాలను కొన్నింటిని ఒకేచోట కూర్చోబెట్టారు. డీబీటీని టీనేజ్ పిల్లలకు తగ్గట్టు మార్చిన ఆలెక్ మిల్లర్, జిల్ రాథస్ కూడా తల్లిదండ్రులను గ్రూప్‌లోకి తెచ్చారు, ఎందుకంటే పిల్లాడు కోపాన్ని ఆపుకోవడం నేర్చుకుని వచ్చినా ఇంట్లో అదే అరుపులుంటే అది నిలవదు. నార్వేలో 77 మంది పిల్లలతో చేసిన పరిశోధనలో (2014లో వచ్చింది) దాదాపు సగం మందికి 19 వారాలపాటు విడిగా థెరపీతో పాటు కుటుంబాల గ్రూప్ కూడా నడిపారు, మామూలు చికిత్స పొందిన మిగతావాళ్ల కంటే వీళ్లలో గాయపరచుకోవడం బాగా తగ్గింది. మీ భయానికి జవాబు: అది తప్పులు తేల్చే చోటు కాదు, ఎక్కువగా క్లాసులా ఉంటుంది. గాయాల వివరాలు గ్రూప్‌లో మాట్లాడనివ్వరు, అవి విడి సెషన్‌లోనే. ఒక్కటి మాత్రం, ఇంట్లో కొట్టడం, వేధించడం లాంటివి ఉంటే ముందే థెరపిస్ట్‌కి చెప్పాలి, అప్పుడు అందరినీ కలిపి కూర్చోబెట్టడం పిల్లలకే ప్రమాదం.

జవాబు (ఇప్పుడు 20 ఏళ్లు):
ఆంటీ, "మీరొస్తే రాను" అని నేనూ అన్నాను. అమ్మ అక్కడ ఏడుస్తుంది, అందరూ నన్ను చూస్తారు, అదే నా భయం. మా థెరపిస్ట్ నన్ను ముందు కూర్చోబెట్టి ఏ విషయాలు బయటికి రాకూడదో నాతోనే రాయించింది, అమ్మ దానికి ఒప్పుకున్నాకే వెళ్లాను. మీరూ వాణ్ణి ఒప్పించబోకండి, ఏది చెప్పకూడదో అడగండి. ఇంకోటి, తిరిగి వచ్చేటప్పుడు దారిలో గ్రూప్ గురించి ఎత్తకండి ప్లీజ్.

ప్రశ్న అడిగిన అమ్మ:
రాత్రి అడిగాను. చాలాసేపు పలకలేదు, తర్వాత "నాన్న అక్కడ అన్నయ్యతో పోల్చకూడదు" అన్నాడు. అంతే. మావారు తలుపు దగ్గరే ఉన్నారు, విన్నారు. గురువారం ముగ్గురం వెళ్తున్నాం.