మశూచి హోంవర్క్: లెక్కకీ చరిత్రకీ పొంతన ఎలా కుదురుతుంది?

నమస్కారం అండీ. మా చెల్లికి హోంవర్క్‌లో సాయం చేస్తూ ఒకచోట ఆగిపోయాను. మశూచి సోకిన ఒక్కరి నుంచి సగటున ఐదుగురికి పాకితే, వ్యాప్తి ఆగడానికి ఎంతమందికి రక్షణ ఉండాలన్నది ప్రశ్న. ఐదుగురిలో నలుగురికి రక్షణ ఉంటే కొత్తగా అంటుకునేది ఒక్కరికే, కాబట్టి 80 శాతం దాటాలి. ఇంతవరకు తనకి బాగానే అర్థమైంది.

చిక్కంతా రెండో భాగంలో. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమాన్ని ముమ్మరం చేశాక, రోగిని త్వరగా కనిపెట్టి చుట్టూ ఉన్నవాళ్లకి టీకా వేసే పద్ధతి చాలా పనిచేసిందని పాఠంలో ఉంది. 1977లో సోమాలియాలో చివరి సహజ కేసు, 1980లో నిర్మూలన ప్రకటన. "చుట్టూ ఉన్నవాళ్లకి వేస్తే సరిపోయిందంటే, మరి 80 శాతం లెక్క తప్పా?" అని అడుగుతోంది. చాలా మంచి ప్రశ్న, ఏదో చెప్పి దాటేయడం నాకిష్టం లేదు. జనమంతా ఒకేలా కలిసి తిరుగుతారని ఆ సూత్రం అనుకుంటుంది, నిజంగా అలా తిరగరు, కారణం అదేనని నా ఊహ. సరైనదేనా?

జవాబు మొత్తం రాసివ్వొద్దు, దయచేసి. తనే ఆలోచించి పట్టుకునేలా ఏ చిన్న ఉదాహరణతో మొదలుపెట్టాలో చెప్పండి. గురువారం లోపు అయితే చాలు.