తలకట్టు పడని లేజర్: 80 వాట్ల ట్యూబుకి 60 వాట్ల సప్లై సరిపోతుందా?

సింగ్‌నగర్ నేమ్‌ప్లేట్లు:

అన్నలందరికీ నమస్కారం. బెజవాడ సింగ్‌నగర్‌లో నాది చిన్న షాపు. ఇంటి పేర్ల బోర్డులు, షీల్డులు, పెళ్లి స్టేజీలకి ఎండీఎఫ్ చెక్క పేర్లు లేజర్ మెషిన్‌తో కోస్తుంటా. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకొచ్చినప్పుడు షాపులో తొడల దాకా నీళ్లు. కాంతి పుట్టే గాజు గొట్టం, అదే లేజర్ ట్యూబు, మెషిన్ వెనకాల, పైన ఉంటుంది కాబట్టి దానికి చుక్క తగల్లేదు. కంట్రోలర్ కార్డు కూడా బతికింది. కింద అరలో కూర్చుని ట్యూబుకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై మాత్రం రోజుల తరబడి నీళ్లలో నానింది. విప్పితే లోపల గుప్పెడు ఒండ్రు.

అప్పుడు చేతిలో డబ్బుల్లేవు. తెలిసినాయన ఒకరు "ఇదీ సరిపోద్దిలే" అని ఇచ్చిన పాత సప్లై వేసి లాక్కొస్తున్నా. దాని మీద 60 వాట్లు అనుంది. మెషిన్ కొన్నప్పుడు ట్యూబు 80 అని చెప్పారు. ట్యూబు మీద స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది, నిజం ఆ దేవుడికే తెలియాలి.

గొడవేంటంటే, మందం అక్రిలిక్ కోత ఎలాగోలా అవుతోంది. సన్నగా అక్షరాలు గీసేటప్పుడే ఏడిపిస్తోంది. మొన్న "సప్తగిరి నిలయం" అని బోర్డు చేశా. "గిరి" ముత్యాల్లా వచ్చింది. "స" మీద, "ప" మీద తలకట్టు పడలా. చివర సున్నా మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు ఖాళీ, పగిలిన గాజు ముక్కలా ఉంది. సాయంత్రం వోల్టేజి తగ్గినప్పుడు ఇంకా ఘోరం. ఫాంటు మార్చా, స్పీడు తగ్గించా, లాభం లేదు. సప్లై మార్చాలా, ట్యూబు పోయిందా? మారిస్తే ఎన్ని వాట్లది కొనాలి?

ఆటోనగర్ కుర్రోడు:

అన్నా 100 వాట్లది వేసెయ్. పెద్దది వేస్తే ఇంక గొడవే ఉండదు.

గుంటూరు టీవీ మెకానిక్:

అబ్బాయ్, నేను కొత్తపేటలో ముప్ఫై ఏళ్లు పిక్చర్ ట్యూబు టీవీలు బాగు చేసినవాణ్ణి. ఎల్‌ఈడీలొచ్చి ఆ పని పోయాక ఈ లేజర్ మెషిన్ల మీద పడ్డా. మొదటిసారి సప్లై మూత తీసి చూస్తే లోపల నాకు తెలిసిన మొహమే కనపడింది. టీవీలో పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరుని మనం ఎల్‌ఓటీ అనేవాళ్లం చూడు, దాని పెద్దన్న.

నీ తలకట్టు కథ చదివి నవ్వుకున్నా. రోగం పేరు నువ్వే రాసి కింద మందు అడుగుతున్నావ్. క, గ, ర అక్షరాలకి తలకట్టు ఒంటికి అతుక్కునే ఉంటుంది. ప, స, హ అక్షరాలకి విడిగా పైన కూర్చుంటుంది. విడిగా ఉందంటే లేజర్ ఆరాలి, కాంతిని గురిపెట్టే మెషిన్ తల పక్కకి జరగాలి, మళ్లీ వెలగాలి. తలకట్టు ఎంత? నాలుగైదు మిల్లీమీటర్లు. ట్యూబు వెలిగేలోపు తల ఆ నాలుగు మిల్లీమీటర్లూ దాటిపోతోంది. సున్నా కాస్త పొడుగు గనక మొదలు మాత్రమే పోతోంది. అంటే ట్యూబు వెలగడానికి ఆలస్యం చేస్తోంది. వెలిగాక బాగానే ఉంది.

పాత ట్యూబ్‌లైట్ గుర్తు తెచ్చుకో. స్టార్టరు టపటపా కొట్టుకుని, చోకు ఒక్క పెద్ద వోల్టేజి దెబ్బ కొడితేనే వెలిగేది. ఒకసారి వెలిగిందా, తక్కువ వోల్టేజితోనే నడిచేది. పైగా లోపల గ్యాసు దారి ఇచ్చేసింది కాబట్టి కరెంటు ఎగబడి లోపలికి పోవాలని చూస్తుంది. ఎగబడనీకుండా పట్టుకునేది మళ్లీ ఆ చోకే. లేజర్ ట్యూబుదీ అదే జాతకం, కాకపోతే వోల్టేజి వేలల్లో. మన సప్లై ఒక్కటే స్టార్టరు పనీ చోకు పనీ చేస్తుంది. 40 వాట్ల పొట్టి ట్యూబు వెలగాలంటే సుమారు 20 కిలోవోల్టులు కావాలి. 80 వాట్లదైతే 25 దాకా అడుగుతుంది. ట్యూబు పొడుగయ్యే కొద్దీ కరెంటు దూకాల్సిన దూరం పెరుగుతుంది, అంతే సంగతి.

ఇంకోటి చాలామంది పొరపాటు పడేది. సప్లై మీద 60 అని ఉందంటే అది 60 వాట్లు ఇస్తుందని కాదు, 60 వాట్ల లేజర్ ట్యూబుని నడుపుతుందని. 80 వాట్ల కాంతి బయటికి రావాలంటే కరెంటు ఐదారు వందల వాట్లు లోపలికి పోవాలి. మిగతాదంతా వేడై, ట్యూబుని చల్లబరచడానికి దాని చుట్టూ తిరిగే నీళ్లలోకి పోతుంది.

ఆటోనగర్ తమ్ముడి మాటకొస్తే, 100ది వేస్తే టక్కున వెలుగుతుంది, నిజమే. కానీ కంప్యూటర్లో 100 శాతం అని కొట్టిన రోజు, ట్యూబు తాగగలిగినదానికన్నా ఎక్కువ మిల్లీ యాంప్స్ దాన్లోకి తోస్తుంది. ట్యూబు అప్పుడే పగలదు, పొగ రాదు. ఎలక్ట్రోడు అరిగి, గ్యాసు పాడై, ఏడాది రావాల్సింది మూడు నెలల్లో చప్పబడుతుంది. "చైనా ట్యూబు కదా" అని తిట్టి ఇంకోటి కొంటావ్. ఒక మెట్టు పెద్ద సప్లై పర్లేదు, కానీ మీటరు పెట్టి, కంట్రోలర్లో గరిష్ఠ శాతానికి తాళం వెయ్యాలి. రెండు మెట్లు పెద్దదైతే సన్నటి గీతలకి కావాల్సిన తక్కువ కరెంటుకి కుదురుగా దిగదు కూడా.

కొనే ముందు ఈ పనులు చెయ్. టేపు తీసుకుని ట్యూబు పొడవు, లావు కొలువు. స్టిక్కరు అబద్ధమాడుతుంది, గాజు ఆడదు. తర్వాత ఓ మిల్లీ యాంప్ మీటరు కొను, ముల్లు ఉండేది, 0 నుంచి 50 దాకా. గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడుగు. వేల వోల్టులు మోసే ఎర్ర లావు సిలికాన్ వైరు వచ్చే చివర జోలికి చచ్చినా పోవద్దు. కాంతి బయటికొచ్చే వైపు నుంచి ఓ సన్న వైరు వెనక్కి తిరిగి సప్లై మీద ఎల్-మైనస్ అన్న చోటికి పోతుంది. మీటరు దాని మధ్యలోనే వెయ్యాలి.

ఆ పని చేసేముందు ప్లగ్గు పీకి, టీ తాగి రా. నిజంగానే చెబుతున్నా. ఆఫ్ చేసిన పిక్చర్ ట్యూబు నన్ను ఒకసారి స్టూలు మీంచి కింద పడేసింది. దాంట్లో నిలవుండే కరెంటు ఈ సప్లై ముందు పసిపిల్ల. షాపులో ఒక్కడివే ఉన్నప్పుడు మూత తీయొద్దు. వరదలో మునిగిన షాపు కాబట్టి ఎర్తింగ్ గుంత కూడా చూపించు. ఉప్పూ బొగ్గూ కొట్టుకుపోయి ఉత్త పైపు మిగిలి ఉంటుంది. ఈ మెషిన్‌కి ఎర్తు లేకపోతే పనిచేయదని కాదు, పనిచేస్తుంది. ఎప్పుడో నీ చెయ్యే ఎర్తు అవుతుంది.

అరండల్‌పేట అక్రిలిక్:

పెద్దాయన చెప్పింది కాదనట్లేదు గానీ, మా షాపులో 80 ట్యూబు 60 సప్లై మీద రెండేళ్లు నడిచింది. నాకేం తలకట్లు పోలేదు. తమ్ముడూ, నువ్వు ముందు నీళ్లు చూసుకో. బోరు నీళ్లు పోస్తున్నావా?

సింగ్‌నగర్ నేమ్‌ప్లేట్లు:

బాబాయ్ గారూ, చెప్పినట్టే చేశా. టీ కూడా తాగా.

ట్యూబు పొడవు 1250 మిల్లీమీటర్లు, లావు 80. మీటరు వేశా. పెద్ద గీత గీస్తే 60 శాతం దగ్గర 19 చూపిస్తోంది. 60 నుంచి 90కి పెంచినా ముల్లు 20 దగ్గరే మొరాయిస్తోంది, పైకి పోనంటోంది. చిన్న తలకట్టు గీసినప్పుడు ముల్లు అసలు కదల్లేదు. రాత్రి లైట్లన్నీ ఆపి చూశా. వెలిగే ముందు ట్యూబులో ఊదా రంగు ఓసారి వణికి, అప్పుడు నిలబడుతోంది. ఎర్ర వైరు చివర నిప్పురవ్వలు, చిటచిటలు ఏమీ లేవు.

అరండల్‌పేట అన్నా, పట్టేశావ్. బోరు నీళ్లే. వరద తర్వాత బకెట్టు కూడా కడగలేదు, అడుగున పాచి.

గుంటూరు టీవీ మెకానిక్:

1250 పొడవు, 80 లావు అంటే నీది నిఖార్సైన 80 వాట్ల తరగతి ట్యూబే. మెషిన్ అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, అరుదైన సంగతి. అరండల్‌పేట ఆయన ట్యూబు పొడవెంతో కనుక్కుంటే బాగుండు. 1000 మిల్లీమీటర్ల సన్న ట్యూబుకి 80 అని స్టిక్కరు కొట్టి అమ్మినవి నేను చాలా చూశా. అవి నిజానికి 50, 60 వాట్లవి. వాటికి 60 సప్లై దివ్యంగా నడుస్తుంది, ఎందుకు నడవదు!

నీ ముల్లే అంతా చెప్పేసింది. శాతం పెంచినా 20 దాటట్లేదంటే సప్లై ఊపిరి అక్కడికి అయిపోయింది. ఈ ట్యూబుని 24, 25 దాకా హాయిగా నడపొచ్చు. సాయంత్రం ఇంకా పాడవడం కూడా అందుకే. గోడలో 230 రావాల్సింది 190 వస్తే, అసలే చాలీచాలని వోల్టేజి ఇంకా తగ్గి, ట్యూబుని అంటించలేక చస్తోంది.

కానీ నీళ్ల మాట ఆయన బాగా అన్నాడు, దాన్ని నేను ముందు అడగాల్సింది. బోరు నీళ్లలో ఉప్పుంటుంది, ఉప్పు నీళ్లు కరెంటుని మోస్తాయి. వేల వోల్టుల పక్కన గాజు గోడకవతల అలాంటి నీళ్లుంటే, ట్యూబుని వెలిగించాల్సిన దెబ్బలో కొంత అటు జారుతుంది. కాబట్టి ముందు చవకైన పని చెయ్. బ్యాటరీ నీళ్లు కొను, అంటే డిస్టిల్డ్ వాటరు. మినరల్ వాటరు డబ్బా కాదు. పైపులు రెండుసార్లు కడిగి పొయ్యి. ఏమాత్రం బాగుపడిందో చూసి, అప్పుడు సప్లైకి డబ్బులు పెట్టు.

ఆటోనగర్ కుర్రోడు:

పెద్దాయనా, ఎండాకాలం నీళ్లు చల్లగా ఉండాలంటే 3000 రకం చిల్లర్ చాలా?

గుంటూరు టీవీ మెకానిక్:

దాన్ని చిల్లర్ అనేది అమ్మేవాళ్లు. లోపల ఫ్యానూ రేడియేటరూ తప్ప కంప్రెసర్ లేదు. గదిలో 40 ఉంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు. బెజవాడ మే నెలకి కంప్రెసర్ ఉన్న 5000 రకమో 5200 రకమో కావాలి. నీళ్లు 20, 22 దగ్గర పెట్టు. వానాకాలం మరీ తగ్గిస్తే ట్యూబు మీద చెమట పడుతుంది, హైవోల్టేజి పక్కన ఆ చెమట మంచిది కాదు.

సింగ్‌నగర్ నేమ్‌ప్లేట్లు:

పది రోజుల తర్వాత రాస్తున్నా, పెళ్లిళ్ల సీజను, తీరిక దొరకలా.

బ్యాటరీ నీళ్లు పోశాక సగానికి సగం తేడా. "స" తలకట్టు పడింది. "ప"ది ఒకసారి పడి ఒకసారి ఎగ్గొట్టింది. సాయంత్రం మళ్లీ మామూలే. ఇంక లాభం లేదని 80 వాట్ల సప్లై కొన్నా.

బిగించేటప్పుడు రెండు గండాలు తప్పాయి, మిగతావాళ్లకి పనికొస్తాయని చెబుతున్నా. ఒకటి, పెట్టె పక్కన చిన్న ఎర్ర స్విచ్చి, 110 వైపు ఉంది. అలాగే ప్లగ్గు పెడితే కొత్తది కొత్తగానే పోయేది. రెండు, పాత దాని మీద వైర్ల వరస వేరు, కొత్త దాని వరస వేరు. రంగులు చూసి అదే చోట గుచ్చితే డబ్ల్యూపీ వైరు, అంటే నీళ్లు ఆగితే లేజర్‌ని ఆపేది, 5 వోల్టుల్లోకి పోయేది. పాతది విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుండబట్టి, రంగులు వదిలేసి పేర్లు చూసుకుంటూ కలిపా: టీఎల్ టీఎల్‌కి, ఇన్ ఇన్‌కి, జీ జీకి, డబ్ల్యూపీ నీళ్ల సెన్సారుకి. సప్లై మీదున్న టెస్టు బటను నొక్కితే టక్కున వెలిగింది. వణుకుడు లేదు.

72 శాతం దగ్గర ముల్లు 24 చూపించింది. గరిష్ఠం అక్కడే తాళం వేశా. కుర్రాడు అడిగినా మార్చొద్దని కంట్రోలర్‌కి పాస్‌వర్డు కూడా పెట్టా.

"సప్తగిరి" బోర్డు కొత్త చెక్క మీద మళ్లీ గీసి ఇచ్చేశా. తలకట్లు రెండూ పడ్డాయి, వేలితో తడిమి చూసుకున్నా. ఎర్తింగ్ గుంత తవ్విస్తే మీరన్నట్టే ఉత్త పైపే, చుట్టూ బురద. బాబాయ్ గారూ, ఈ 60 సప్లై ఏం చెయ్యమంటారు?

గుంటూరు టీవీ మెకానిక్:

పారెయ్యకు. అరండల్‌పేట ఆయన్ని టేపు పట్టుకోమను. ఆయనది 1000 ట్యూబే అయితే, స్పేర్‌గా ఆయనకే అమ్ము.

అరండల్‌పేట అక్రిలిక్:

కొలిచా. 1000 మిల్లీమీటర్లు. ఎంతకిస్తావ్ తమ్ముడూ?