సోనీ రోలిన్స్ వంతెన సాధన: ముందూ తర్వాతా తేడా ఎక్కడ వినాలి?

జాజ్ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఈమధ్య సోనీ రోలిన్స్ టెనర్ శాక్సోఫోన్ తెగ వింటున్నాను. 1956లో రికార్డు చేసిన 'శాక్సోఫోన్ కొలోసస్' ఆల్బమ్‌తో పేరు మారుమోగిపోయాక, 1959లో ఆయన కచేరీలు మానేసి న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీద సాధన మొదలుపెట్టారు. ఇంట్లో వాయిస్తే పొరుగువాళ్లకి ఇబ్బందని! పక్కన రైళ్ల రొద, కింద నదిలో పడవల కూతలు. చలికాలంలోనూ గంటల తరబడి అక్కడే.

1962లో వచ్చిన ఆయన ఆల్బమ్ 'ది బ్రిడ్జ్'లో పియానో లేదు, జిమ్ హాల్ గిటార్ ఉంది. అది తప్ప, ఆయన వాయింపులో పెద్ద తేడా నా చెవికి అందట్లేదు. మార్పు ఊపిరిలోనా, లయలోనా, మనోధర్మంలోనా (అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడంలోనా)? ఏ పాటలో ఎక్కడ వినాలో చెప్పగలరా? కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చు, ఆ మాటల్లో చెప్పినా సరే.