‘విల్‌ఫుల్ డిఫాల్ట్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అద్దె ఇవ్వలేదని ఇల్లు ఖాళీ చేయించే కేసుల గురించి తెలుగులో రాస్తున్నాను. రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు విచారించే అధికారి) ఆర్డర్లలో ‘డిఫాల్ట్’, ‘విల్‌ఫుల్ డిఫాల్ట్’ అని రెండు మాటలు కనిపిస్తాయి. పత్రికలు రెండింటికీ ‘ఎగవేత’ అనే రాసేస్తున్నాయి. మీరేమంటారు?

జవాబు: దయచేసి రెండింటికీ ఒకే మాట వాడకండి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో, తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది అదే, అద్దె బాకీ కేసుల్లో కంట్రోలర్‌కు గడువు ఇచ్చే అధికారం ఈ తేడా మీదే నిలబడింది. గడువు దాటి 15 రోజుల్లోపు అద్దె చేరకపోతే ఇల్లు ఖాళీ చేయించమని యజమాని 10వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టవచ్చు. కానీ అద్దెకున్న మనిషి కావాలని ఆపలేదని కంట్రోలర్‌కు నమ్మకం కుదిరితే, బాకీ కట్టడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చు. ఆలోపు కడితే దరఖాస్తు కొట్టేయాల్సిందే, ఇల్లు నిలుస్తుంది. ‘విల్‌ఫుల్’ అనే మాట మీద సుప్రీంకోర్టు 1985లో సుందరం పిళ్లై కేసులో (అది తమిళనాడు చట్టం కింద వచ్చిన కేసు) తెలిసి, తలచి, పర్యవసానం ఎరిగి చేసినదే విల్‌ఫుల్ అన్న అర్థంలో చెప్పింది.

‘ఎగవేత’లో ఆ దురుద్దేశం ముందే ఉంది. జీతం ఆగి రెండు నెలలు ఇవ్వలేకపోయిన మనిషిని ‘ఎగవేతదారు’ అంటే విచారణకు ముందే తీర్పు చెప్పినట్టు. డిఫాల్ట్‌కి ‘బకాయి పడటం’, విల్‌ఫుల్ డిఫాల్ట్‌కి ‘ఎగవేత’ చాలు. బ్యాంకు వార్తల్లో వచ్చే ‘ఉద్దేశపూర్వక ఎగవేత’లో మొదటి మాట నాకు అనవసరం అనిపిస్తుంది.

మరొకరు: మా కరీంనగర్ వైపు ‘కిరాయి బాకీ పడ్డడు’ వేరు, ‘కిరాయి ఎగ్గొట్టిండు’ వేరు. ఎవరూ కలపరు. అయితే సార్, కోర్టు కాగితంలో ‘ఉద్దేశపూర్వక’ ఉండనివ్వండి. అక్కడ రుజువు కావాల్సింది ఆ ఉద్దేశమే కదా.

జవాబు: కాగితం వరకు ఒప్పుకుంటానండీ. వార్తకు మాత్రం వద్దు.

ఇంకో మాట కూడా చూడండి. చట్టం ‘పెయిడ్’తో పాటు ‘టెండర్డ్’ అనీ అంటుంది. దానికి ‘ఇవ్వజూపడం’ అని మనకు చక్కటి మాట ఉంది. యజమాని అద్దె తీసుకోనంటే, దాన్ని జమ చేయడానికి బ్యాంకు పేరు చెప్పమని అద్దెకున్న మనిషి 8వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవచ్చు. చెప్పకపోతే మనియార్డరు పంపవచ్చు, అదీ తిప్పి పంపితే కంట్రోలర్ దగ్గర జమ చేయవచ్చు. ‘చెల్లించలేదు’ అని మాత్రమే రాస్తే, ఇవ్వజూపినా తీసుకోని యజమాని కథలోంచి మాయమైపోతాడు.