50 గంటల వృత్యంతర శిక్షణ: ఏం నేర్చుకోవాలో సైన్స్, లెక్కల టీచరే ఎంచుకోవాలా?

పాదరసం (స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్, ప్రకాశం జిల్లా)

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్యంతర శిక్షణ, అంటే ఉద్యోగంలో ఉంటూనే పొందే శిక్షణ, తీసుకోవాలంది. రోజుకు ఆరు గంటలు వేసుకున్నా ఎనిమిది రోజుల పైనే. వద్దని నేను అనడం లేదు. ఆ 50 గంటల్లో ఏం ఉండాలో నన్నెందుకు అడగరు అన్నదే నా గొడవ.

ఈమధ్య నేను వెళ్లిన ఒక శిక్షణ సంగతి చెబుతాను. మొదటి రోజు నాయకత్వ లక్షణాలు, బడిలో ఆహ్లాదకర వాతావరణం. రెండో రోజంతా మూల్యాంకనం. మూడో రోజు భోజనాలయ్యాక, సగం మందికి కళ్లు మూతలు పడుతున్నప్పుడు, సబ్జెక్టుకి గంటన్నర ఇచ్చారు. ఆర్పీ (రిసోర్స్ పర్సన్, అంటే మాకు శిక్షణ ఇచ్చే టీచరు) గారు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజుగ్లాసు బోర్లించారు. మంట ఆరింది, నీళ్లు పైకెక్కాయి. "గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు. అది అయిపోయింది కాబట్టి నీళ్లు అయిదో వంతు ఎక్కాయి" అన్నారు.

అది తప్పండీ. గ్లాసు బోర్లించేటప్పుడే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి తోస్తుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. పైగా ఖర్చయిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కదా. నమ్మకపోతే అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసులో ఆక్సిజన్ ఏమీ పెరగలేదు మరి.

ఇది నాకు ఏ శిక్షణా చెప్పలేదు. ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "ఆక్సిజన్ మండేటప్పుడు కదా టీచర్ అయిపోయేది, నీళ్లు మంట ఆరాక ఎక్కాయేంటి?" నోట మాట రాలేదు. ఆ రాత్రి కూర్చుని చదువుకున్నాను. అంతకుముందు తొమ్మిదేళ్లు నేనూ ఆ అయిదో వంతు కథే చెప్పాను, దాచుకోను.

శిక్షణలో లేచి ఈ మాట అంటే, "టైమ్ లేదు మేడమ్, పోస్ట్ టెస్ట్ రాయాలి" అన్నారు.

అందుకే అంటున్నాను. 50 గంటల్లో కనీసం 35 గంటలు సబ్జెక్టు టీచరుకే వదిలేయండి. మైసూరు ఆర్ఐఈ (ప్రాంతీయ విద్యా సంస్థ) మన దక్షిణాది రాష్ట్రాల కోసమే 1963 నుంచి ఉంది. కుప్పం దగ్గర ప్రయోగాలతో సైన్స్ నేర్పే అగస్త్య సంస్థ క్యాంపస్ ఉంది. చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర ఐఐఎస్‌సీ (బెంగళూరు సైన్స్ సంస్థ) క్యాంపస్‌లో కర్ణాటక టీచర్లతో రోజుల తరబడి స్వయంగా ప్రయోగాలు చేయిస్తున్నారు. అలాంటి చోటికి నేను వెళ్తాను, ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే వెళ్లిన రోజుల్ని డ్యూటీ కింద లెక్కకట్టడం) ఇవ్వండి, ఆ గంటలు లెక్కలోకి తీసుకోండి.

సుద్దముక్క (ఎస్జీటీ, ప్రాథమిక బడి టీచరు)

మేడమ్, నేను ఒకే గదిలో తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెబుతాను. నన్ను ఏ సబ్జెక్టు ఎంచుకోమంటారు? మీ స్కూల్ అసిస్టెంట్ల గొడవ మీది, మా గోడు మాది.

ఆర్పీ_మాస్టారు (గణితం, పదకొండేళ్లుగా ఆర్పీ)

పాదరసం మేడమ్ గారూ, ఆ గంటన్నరలో నిలబడ్డది నేను కాదు, కానీ నేనైనా కావచ్చు. ముందు రోజు రాత్రి పది గంటలకు వాట్సాప్‌లో పీపీటీ వస్తుంది, తెల్లారి తొమ్మిదిన్నరకు అది మీకు చెప్పాలి. మమ్మల్ని తిట్టుకునే ముందు అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు విషయం. మీ ఉదాహరణే మీ వాదనను దెబ్బతీస్తోంది. తొమ్మిదేళ్లు తప్పు చెప్పానన్నారు. ఆ తొమ్మిదేళ్లలో ఎవరైనా ఫారం ఇచ్చి "మీకు ఏ అంశంలో శిక్షణ కావాలి?" అని అడిగి ఉంటే, "కొవ్వొత్తి ప్రయోగం" అని రాసేవారా? రాయరు. అది వచ్చనే అనుకున్నారు కదా. తెలియదని తెలిస్తే ఎవరైనా నేర్చుకుంటారు. తెలుసనుకున్న చోటే అసలు చిక్కు. ఎంపిక చేతికిస్తే మనకు కనపడని గుంట మనకు కనపడకుండానే ఉండిపోతుంది.

మా వైపు ఒకసారి నిజంగానే అలాంటి ఫారం ఇచ్చారు. ఎక్కువ మంది "కంప్యూటర్" అని టిక్కు పెట్టారు. భిన్నాలు అని రాసినవాళ్లు నాకు గుర్తున్నంతలో ఎవరూ లేరు.

అదే బ్యాచ్‌కి ఒక చీటీ పని ఇచ్చాను. "ముప్పావును అరతో భాగించాలి. జవాబు కాదు, ఈ లెక్క వచ్చే ఒక చిన్న కథ రాయండి." జవాబు అందరికీ వచ్చింది, ఒకటిన్నర. తిరగేసి గుణించడం ఎవరికి రాదు? కథలు చూస్తే మాత్రం "ముప్పావు కిలో మిఠాయిని ఇద్దరికి సమంగా పంచితే" అనే ధోరణే ఎక్కువ. అది రెండుతో భాగించడం, అరతో కాదు. మన భాషలోనే ఉచ్చు ఉంది: "సగానికి భాగించు" అన్నా "అరతో భాగించు" అన్నా చెవికి ఒకటే. "ముప్పావు కిలో పంచదారను అరకిలో ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు వస్తాయి?" అని రాసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. వాళ్లందరూ బీఈడీ చేసినవాళ్లే, మంచి మాస్టార్లే. మరి ఇది వాళ్లు ఎంచుకునే కోర్సుల్లో ఎక్కడ దొరుకుతుంది?

హారం_లవం (లెక్కల టీచర్, నల్గొండ)

మాస్టారూ, చీటీ పని బ్రహ్మాండం, రేపే నా మీద నేను ప్రయోగించుకుంటాను. కానీ ఒక్కటి అడుగుతాను. అది మీరు ఎదురుగా కూర్చోబెట్టి చేయించారు కాబట్టి పని చేసింది. అదే కార్యక్రమం రాష్ట్ర స్థాయి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి ఏమవుతుందో తెలుసా? "భిన్నాల భాగహారాన్ని నిజజీవిత ఉదాహరణలతో బోధించాలి" అనే ఒక్క స్లయిడ్ అవుతుంది. మజ్జిగలో ప్రతి ఇంట్లో ఒక చెంబు నీళ్లు కలిపినట్టు.

ఇంకోటి. శిక్షణ అయ్యాక మా క్లాసుకి వచ్చి "ఎలా చెబుతున్నావమ్మా" అని చూసిన మనిషి నా సర్వీసులో ఒక్కరు లేరు. రిజిస్టర్లు చూడటానికి వచ్చారు, మరుగుదొడ్ల ఫొటోలు అడగటానికి వచ్చారు.

హోషంగాబాద్ కథ మీలో ఎంతమందికి తెలుసో. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 బడులతో సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి మొదలుపెట్టాయి, 1982లో ఏకలవ్య సంస్థ వచ్చి కొనసాగించింది. ప్రయోగం చేయనిదే పాఠం లేదు. పరీక్ష పుస్తకం తెరిచి రాసేది. వేసవిలో టీచర్లకు వారాల తరబడి శిక్షణ, తర్వాత ప్రతి నెలా సమావేశం, మధ్యలో బడికి వచ్చి చూసేవాళ్లు. పిల్లలు ప్రశ్నలు రాసి పంపడానికి సవాలీరామ్ అనే ఒక కల్పిత మనిషి కూడా ఉండేవాడు! శిక్షణ అంటే ఏడాదికోసారి చేసి వదిలేసే తంతు కాకుండా బడిలో భాగమైంది. 2002లో ప్రభుత్వమే దాన్ని ఆపేసింది, అది వేరే కడుపుమంట.

పదో_తరగతి_అమ్మ

నేను టీచర్ని కాదు, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి చదివే హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా లెక్కలకు ఒక్కరే సార్. ఆయన అయిదు రోజులు శిక్షణకు వెళ్తే రోజుకు అయిదు చొప్పున 25 పీరియడ్లు పోయినట్టే. ఆ పీరియడ్లలో ఎవరో వచ్చి "నిశ్శబ్దంగా చదువుకోండి" అంటారు. నేర్చుకోండి, కాదనను. సెలవుల్లో నేర్చుకోకూడదా?

సుద్దముక్క

అమ్మా, సెలవుల్లో శిక్షణ పెడితే దానికి ఈఎల్ (ఆర్జిత సెలవు) జమ చేయాలని సంఘాలు అడుగుతాయి, ఫైలు నడవదు. అందుకని బడిరోజుల్లోనే పెడతారు. పోయేది పిల్లలకే, ఒప్పుకుంటాను.

వెన్నెల_బయో (బయాలజీ, ఏజెన్సీ ప్రాంతం)

ఆన్‌లైన్ ఊసే ఎవరూ ఎత్తలేదేంటి? టీచర్ల శిక్షణ కోసం కేంద్రం పెట్టిన నిష్ఠ కార్యక్రమం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు 42 లక్షల మంది టీచర్లకు అన్నారు. అంతమందిని హాళ్లలో కూర్చోబెట్టడం జరిగే పనేనా? కోవిడ్ టైమ్‌లో, 2020 అక్టోబరు నుంచి, 18 మాడ్యూళ్లు (పాఠాలు) దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చాయి. అప్పటికి మా పాపకి ఏడు నెలలు. హాల్లో అయిదు రోజులు శిక్షణ అంటే నేను వెళ్లగలిగేదాన్నే కాదు.

నిజం కూడా చెప్పేస్తాను. కొన్ని వీడియోలు సౌండ్ తీసేసి, ఫోను పక్కన పెట్టి, బెండకాయలు తరుక్కున్నాను. క్విజ్ జవాబులు గ్రూపులో వచ్చేశాయి. సర్టిఫికెట్ వచ్చింది. కానీ సైన్స్ బోధన గురించిన మాడ్యూల్ మాత్రం రెండుసార్లు చూశాను, ఎందుకంటే అది నాకు కావాల్సింది. అందుకే పాదరసం మేడమ్ వైపే నా ఓటు. మనసు లేని చోట వంద గంటలు పెట్టినా బెండకాయలే తెగుతాయి.

ఆర్పీ_మాస్టారు

బెండకాయల దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను మేడమ్. కానీ మీరు రెండుసార్లు చూసింది మీకు ఇష్టమైనది. నా ప్రశ్న అక్కడే ఉంది.

విశ్రాంత_హెచ్ఎం

నాయనా, మీరంతా కొత్తగా కనిపెట్టాలనుకుంటున్నది మేము ఒకప్పుడు కొంత చూశాం. 1980ల్లో బ్రిటన్ సాయంతో మన దగ్గర ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, ఆపెప్ అనేవాళ్లం. శిక్షణతో సరిపెట్టకుండా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. నేను అప్పుడు కొత్తగా చేరినవాణ్ణి. చింతగింజలు, పుల్లకట్టలు, అట్టముక్కలతో ఆ సెంటర్లో కూర్చుని చేసిన సామాను నా రిటైర్మెంటు దాకా పనికొచ్చింది.

తర్వాత అదే కాంప్లెక్స్ సమావేశం, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట చేరే సమావేశం, అయింది. పాపం దాన్ని ఎవరూ చంపలేదు, సర్క్యులర్లు చదవడంతోనే సగం రోజు కరిగిపోతూ వచ్చింది. గది ఉంది, మనుషులున్నారు, ఓడీ కూడా ఉంది. ఆ సమావేశానికి ఒక మాస్టారు పిల్లల నోటు పుస్తకాలు పట్టుకొచ్చి "వీళ్లు ఇలా ఎందుకు తప్పు చేస్తున్నారు?" అని అడగ్గా నేను చూసింది ఒక్కసారే. ఆ రోజు ఎవరూ టీకి లేవలేదు.

జపాన్‌లో ఇదే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. నలుగురు కలిసి ఒక పాఠం రాసుకుంటారు, ఒకరు పిల్లలకు చెబుతారు, మిగతావాళ్లు టీచర్ని కాదు, పిల్లల్ని గమనిస్తారు. తర్వాత మళ్లీ కూర్చుంటారు. అందులో పీపీటీతో పనేముంది?

సుద్దముక్క

పెద్దలకు నమస్కారం. కానీ ఇప్పుడు ఎవరికి తీరిక సార్? మా స్టాఫ్‌రూమ్‌లో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) తప్ప వేరే మాట లేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. 45 ఏళ్లవాళ్లు గైడు కొనుక్కుని కూర్చున్నారు. ఆ టెన్షన్లో వృత్యంతర శిక్షణ ఎవరి చెవికెక్కుతుంది?

హారం_లవం

టెట్ గైడులో కూడా తిరగేసి గుణించమనే ఉంటుంది లెండి.

పాదరసం

రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, స్లిప్ టెస్టులు దిద్దుతున్నాను.

ఆర్పీ మాస్టారూ, మీ మొదటి పోస్టు చదివి కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే మీరన్నది నిజం. ఎంచుకోమంటే నేను ఆప్టిక్స్ రాసేదాన్ని, ఎందుకంటే అది నాకు కష్టమని తెలుసు. కొవ్వొత్తి రాసేదాన్ని కాదు.

అయినా నా వాదన పూర్తిగా వదలను. నా తప్పు నాకు చూపించింది పై నుంచి వచ్చిన మాడ్యూలూ కాదు, నేను ఎంచుకున్న కోర్సూ కాదు, ఎనిమిదో తరగతి పిల్ల. ఏం నేర్చుకోవాలో నా ఇష్టానికీ వదలకండి, రాష్ట్రం మొత్తానికి ఒకే పీపీటీతోనూ తేల్చకండి. నా పిల్లల జవాబు పత్రాలు చూసి తేల్చండి. ఈసారి దిద్దిన వాటిలో బల్బు ప్రశ్న ఉంది. "శ్రేణిలో రెండు బల్బులు కలిపితే, మొదటి బల్బు కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోది తక్కువ వెలుగుతుంది" అని 31 మందిలో 19 మంది రాశారు. 19 మందీ ఒకే తప్పు చేశారంటే తప్పు వాళ్లది కాదు, నాదో, నాకు ముందు చెప్పినవాళ్లదో. నాకు శిక్షణ కావాల్సింది ఇక్కడ. గంటలు ఇక్కడ ఖర్చు పెడితే 50 కాదు, 80 అయినా వస్తాను.

పదో తరగతి అమ్మ గారికి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. ఒక్కరే టీచరు ఉన్న బడిలో ఏ శిక్షణైనా పిల్లల పీరియడ్లు తినేస్తుంది. బదులు టీచర్ని ఇవ్వాలి, ఇవ్వరు.

ఆర్పీ_మాస్టారు

జవాబు పత్రాల మాటకు నేను సరే. కానీ సర్టిఫికెట్‌లో గంటలు ఎవరు వేస్తారు? "పిల్లల తప్పులు చూసుకున్నాం, నాలుగు గంటలు" అంటే పోర్టల్ తీసుకోదు. అది తీసుకునేదాకా మీలాంటి నలుగురే చేస్తారు, మిగతావాళ్లు పోస్ట్ టెస్ట్ రాసి ఇంటికెళ్తారు. తప్పనిసరి చేయాలనే నా మాట అందుకే, కంటెంటు మీద ప్రేమతో కాదు.

వెన్నెల_బయో

తప్పనిసరి చేస్తే జవాబు పత్రాలు కూడా గ్రూపులో ఫార్వర్డ్ అవుతాయి సార్, చూస్తూండండి.

విశ్రాంత_హెచ్ఎం

పోర్టల్ సంగతి తర్వాత. పాదరసం, మీ కాంప్లెక్స్ సమావేశం ఎప్పుడమ్మా? సర్క్యులర్లు భోజనం తర్వాతకి నెట్టమని మీ హెచ్ఎంని అడుగు. నేనూ వస్తాను, పెన్షన్ వాడికి ఓడీ అక్కర్లేదు.

పాదరసం

వచ్చే శనివారం సార్. 19 మంది రాసిన పేపర్లు తెస్తాను. హారం_లవం గారూ, మీరు నల్గొండ నుంచి రాలేరు కానీ ముప్పావు కథలు కొన్ని ఫొటో తీసి పంపండి, మా లెక్కల సార్‌కి ఇస్తాను.

ఆర్పీ_మాస్టారు

కొవ్వొత్తి కూడా పెట్టండి మేడమ్. నేను బస్సెక్కి వస్తాను. నిజం చెప్పాలంటే ఆ అయిదో వంతు కథ నేనూ చెప్పాను, ఒకసారి కాదు.

పాదరసం

నాలుగు కొవ్వొత్తులు తెస్తున్నాను, ఒకటి ఒక పళ్లేనికి, మూడు ఇంకో పళ్లేనికి. గ్లాసులు మాత్రం రెండూ ఒకే సైజువి కావాలి, మా ల్యాబులో ఉన్నది ఒక్కటే.