జపాన్ గ్రీన్ టీ చేదుగా వస్తోంది: తప్పు ఆకుదా, నీళ్లదా? ఏ సామాను కొనాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నమస్కారం. మా అల్లుడు ఉద్యోగం పని మీద జపాన్ వెళ్లి వస్తూ రెండు టీ పొట్లాలు తెచ్చాడు. ఒకదానిలో సన్నని సూదుల్లాంటి ముదురాకుపచ్చ ఆకు ఉంది. రెండోదానిలో గోధుమరంగు ఆకు, మధ్యమధ్య పుల్లలు ఉన్నాయి. పొట్లాల మీద రాసిందంతా జపాన్ లిపిలోనే. మామూలుగా టీ పెట్టినట్టే గిన్నెలో నీళ్లు మరిగించి, పచ్చ ఆకు రెండు చెంచాలు వేసి, మూతపెట్టి, ఐదు నిమిషాలయ్యాక వడగట్టాను. కాకరకాయ ఉడికించిన నీళ్లలా ఉంది, ఒక్క గుక్క మింగలేకపోయాను. అరగంట దాకా నాలుక మీద వగరు పోలేదు. గోధుమరంగు ఆకు అదే పద్ధతిలో పెడితే వేయించిన వాసనతో చక్కగా ఉంది. మొదటిది పాడైన ఆకా? వచ్చే నెల అల్లుడు మళ్లీ వెళ్తున్నాడు. కావలసిన సామాను ఏదైనా ఉంటే తెప్పించుకుంటాను. ఏది తప్పనిసరి, ఏది అక్కర్లేదు?

జవాబు (నాగోయా నుంచి)

ఆకు పాడవలేదండీ, దయచేసి పారేయకండి. దానికి పనికిరానంత వేడి నీళ్లు పడ్డాయి, నానాల్సినదాని కంటే చాలాసేపు నానింది. నేను ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చే మా స్నేహితులందరూ మొదటిసారి దీన్ని ఇలాగే మరిగిస్తారు, ఇలాగే పక్కన పెట్టేస్తారు.

పచ్చ సూదులది సెంచా. జపాన్‌లో ఎక్కువగా తాగేది అదే. కోసిన ఆకును వెంటనే ఆవిరి మీద ఉడికించి, నలిపి, ఆరబెడతారు. క్యోటో దగ్గరి ఉజితవారాలో నగతాని సోయెన్ 1738లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. చైనా గ్రీన్ టీలు చాలావరకు మూకుడులో వేయించినవి కాబట్టి వాటి వాసన వేరు. సెంచాలో ఉడికిన తోటకూర, సముద్రపు నాచు గుర్తొచ్చే పచ్చి వాసన ఉంటుంది. మీ రెండో పొట్లం హోజిచా, అంటే బాగా కాల్చిన ఆకు. దానిలో ముదురు ఆకు, కాడలు ఎక్కువగా ఉంటాయి. కాల్చినప్పుడు వగరు చాలావరకు తగ్గిపోతుంది కనుక మరిగే నీళ్లు పోసినా ఏమీ కాదు. మీకు అది బాగా రావడానికి కారణం అదే.

సెంచాలో కమ్మదనం ఇచ్చేది థియనైన్. గోరువెచ్చటి నీళ్లలోనూ అది సులువుగా దిగుతుంది. వగరు ఇచ్చే కెటెకిన్‌లు, చేదు ఇచ్చే కెఫీన్ నీళ్లు వేడెక్కేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. అందుకే 70 డిగ్రీల నీళ్లలో కమ్మదనం ముందుకు వస్తుంది, 100 డిగ్రీల నీళ్లలో వగరు, చేదు దాన్ని మింగేస్తాయి. వగరు అసలే ఉండకూడదని కాదు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తగిలినంత వగరు ఉంటేనే అది సెంచా.

ఇద్దరికి 5 గ్రాముల ఆకు (రెండు చిన్న చెంచాలు), 200 మిల్లీలీటర్ల నీళ్లు, 70 నుంచి 75 డిగ్రీల వేడి, ఒక్క నిమిషం. థర్మామీటర్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక పాత్రలోంచి ఇంకొక పాత్రలోకి పోసిన ప్రతిసారీ నీళ్ల వేడి దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. మరిగిన నీళ్లను ముందు కప్పుల్లో పోయండి, అక్కడి నుంచి ఒక గ్లాసులోకి, గ్లాసు నుంచి ఆకు మీదికి. కాఫీ తిరగబోసి చల్లార్చే అలవాటు మనకు ఉన్నదే, ఇక్కడ మూడుసార్లతో ఆపాలి. ఆకు మీద నీళ్లు పడ్డాక కదపకండి, చెంచాతో తిప్పకండి.

సామానులో నేను తప్పనిసరి అనేది ఒక్కటే, క్యూసు. పక్కకు పిడి ఉండే చిన్న మట్టి టీ కూజా అది. నాగోయా నుంచి రైల్లో అరగంట దూరంలో తొకొనామె అనే ఊరుంది, ఈ కూజాలకు పెట్టింది పేరు. ఇనుము పాలు ఎక్కువగా ఉండి ఎర్రగా కాలే అక్కడి మట్టిని షుదేయి అంటారు. అక్కడ ఒక చిన్న దుకాణంలో ఒక పెద్దావిడ నా ముందు టీ పోసిన తీరు చూశాకే నాకు సెంచా అర్థమైంది. మూడు కప్పులు వరసగా పెట్టింది. మొదటి కప్పులో కొంచెం, రెండోదానిలో కొంచెం, మూడోదానిలో కొంచెం పోసి, మళ్లీ మూడు, రెండు, ఒకటి అంటూ వెనక్కి వచ్చింది. అన్ని కప్పులూ ఒకే చిక్కదనంతో ఉండాలని అలా పోస్తారు. నీళ్లు అయిపోయినట్టే కనిపించినా కూజాను నిలువుగా వంచి, మణికట్టుతో మూడుసార్లు మెల్లగా విదిలించింది. చివరి మూడు నాలుగు చుక్కలు చిక్కగా, ఆకుపచ్చగా పడ్డాయి. తర్వాత కూజా వెనకవైపు అరచేత్తో తట్టి, ముక్కు దగ్గర పోగుపడిన ఆకును మధ్యకు చేర్చి, మూతను కాస్త పక్కకు జరిపి పెట్టింది. లోపల నీళ్లు మిగిలితే ఆకు నానుతూనే ఉండి, అదే ఆకు మీద నీళ్లు పోసి తీసే రెండో విడత చేదెక్కుతుంది, ఆవిరి బయటికి పోకపోతే ఆకు ఉడికిపోతుంది. గిన్నె, జాలీతోనూ టీ చేసుకోవచ్చు. కానీ చివరి చుక్క దాకా వంపుకోవడం క్యూసుతో వచ్చినంత సులువుగా మరి దేనితోనూ రాదు.

ఇద్దరికైతే 250 నుంచి 300 మిల్లీలీటర్లు పట్టేది చాలు, అంతకంటే పెద్దది వద్దు. లోపల సన్నని జాలీ ముక్కు మొదట్లోనే ఉందో లేదో చూడమనండి. మధ్యలో బుట్టలా వేలాడే జాలీలో ఆకు విచ్చుకోవడానికి చోటు ఉండదు. ఇక్కడ మూడు నాలుగు వేల యెన్‌లకే రోజువారీ వాడకానికి మంచిది దొరుకుతుంది. మీది ఎడమచేతి వాటమైతే ముందే చెప్పండి, మామూలు క్యూసులన్నీ కుడిచేతికి అమరేలా ఉంటాయి. ఎడమచేతివి అడిగి తీసుకోవాలి. ఇంట్లో కడిగేటప్పుడు సబ్బు వద్దు. వేడి నీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెట్టండి.

నీళ్లు చల్లార్చడానికి యుజమాషి అనే పాత్ర అమ్ముతారు. అందంగా ఉంటుంది, కానీ మీ స్టీలు గ్లాసు ఆ పని చేస్తుంది. ఇనుప కూజాలు చూసి మాత్రం ముచ్చటపడి కొనకండి. టీ కోసమని అమ్మే వాటిలో చాలావాటికి లోపల ఎనామెల్ పూత ఉంటుంది, పొయ్యి మీద పెట్టకూడదు. బరువు ఒకటి, సామానులో మోసుకురావాలి. ఆ డబ్బుతో రెండు రకాల మంచి ఆకు వస్తుంది.

మళ్లీ ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలండీ. ఆకు ఏ రకం తెమ్మనాలి? మాది బోరు నీళ్లు, తాగడానికి మాత్రం ఆర్‌ఓ. టీకి ఏది వాడాలి?

జవాబు (నాగోయా నుంచి)

బోరు నీళ్లు అసలు వద్దు. జపాన్ నీళ్లు చాలాచోట్ల సున్నం తక్కువగా ఉండే నీళ్లు, ఈ ఆకును అలాంటి నీళ్లకు తగ్గట్టే తయారుచేస్తారు. సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లలో రంగు మాసిపోతుంది, రుచి చప్పబడుతుంది. ఆర్‌ఓ నీళ్లే వాడండి.

రకం విషయానికి వస్తే, ఫుకముషి సెంచా అని అడగమనండి. మామూలు సెంచా కంటే రెండు మూడు రెట్లు ఎక్కువసేపు ఆవిరి పట్టిస్తారు. ఆకు పొడిపొడిగా ఉంటుంది, టీ చిక్కటి పచ్చగా వస్తుంది, వగరు తక్కువ. కొత్తగా మొదలుపెట్టినవారి చేతిలో కాస్త అటూఇటూ అయినా చెడదు. నానబెట్టడం మాత్రం అర నిమిషం చాలు. షిజుఓకా జిల్లాలోని కకెగవా ఈ రకానికి పేరున్న ఊరు. 100 గ్రాములు 1,000 యెన్‌ల ప్రాంతంలో ఉన్నది తీసుకుంటే నికరమైన సరుకు వస్తుంది. గ్యోకురో గురించి కూడా ఎవరైనా చెబుతారు. కోతకు ముందు దాదాపు మూడు వారాలు తోటకు నీడ కప్పి పెంచే ఆకు అది. 50, 60 డిగ్రీల నీళ్లతో అతి చిక్కగా, చిన్న గుక్కలుగా తాగాలి. సెంచా చేతికి అలవాటయ్యాక దాని జోలికి వెళ్లండి. ఖరీదైన ఆకు మీద నేర్చుకోవడం ఎందుకు?

ఇంకొక సలహా (రాజమహేంద్రవరం నుంచి)

అమ్మా, మా వైపు ఎండల్లో వేడి టీ ఎవరు తాగుతారు? నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా సెంచాను చల్లటి నీళ్లలోనే నానబెడతాను. లీటరు నీళ్లకు 10 గ్రాములు వేసి, గాజు సీసాలో ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు ఉంచి వడగట్టడమే. చల్లటి నీళ్లలో చేదు, వగరు బాగా తక్కువగా దిగుతాయి కాబట్టి టీ చెడే అవకాశమే లేదు. ఆ రోజే తాగేయాలి.

ఇంకొక మాట. పొట్లం విప్పాక గాలి చొరని డబ్బాలో పోసి నెల రోజుల్లో వాడేయండి. నేను మొదటి పొట్లాన్ని పోపుల డబ్బా ఉన్న అలమారలో పెట్టాను. పది రోజులకు టీ మూత తీస్తే ఇంగువ వాసన! ఈ ఆకు పక్కనున్న ప్రతి వాసనా పీల్చుకుంటుంది. విప్పని పొట్లాలను ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. కానీ బయటికి తీశాక ఆ చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకండి. మన ఉక్కపోతలో ఆకు మీద చెమ్మ పట్టేస్తుంది.

వేరొకరి ప్రశ్న (బెంగళూరు నుంచి)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను మచ్చా పొడి కొన్నాను, నీళ్లలో ఉండలు కడుతోంది. దానికీ క్యూసు వాడాలా?

జవాబు (నాగోయా నుంచి)

మచ్చాకు క్యూసుతో పని లేదండీ. నీడలో పెంచి, ఆవిరి పట్టి ఆరబెట్టిన ఆకును తిరగలిలో విసిరిన పొడి అది. రాతి తిరగలి గంట తిరిగితే దాదాపు 40 గ్రాములే వస్తుంది. అంత మెత్తన కాబట్టే ఉండ కడుతుంది. ముందు జల్లించండి. 2 గ్రాములకు 70 మిల్లీలీటర్ల నీళ్లు, 80 డిగ్రీల వేడి. వెడల్పు గిన్నెలో వెదురు కవ్వంతో అటూ ఇటూ వేగంగా గిలక్కొట్టాలి, గుండ్రంగా తిప్పకూడదు. ఆ కవ్వాన్ని చాసెన్ అంటారు. నారా జిల్లాలోని తకయామా ఊరివాళ్లు ఒకే వెదురు ముక్కను చీల్చి చేస్తారు. వాడే ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టండి, లేకపోతే పుల్లలు విరుగుతాయి.

ఒక హెచ్చరిక (విశాఖపట్నం నుంచి)

రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు ఏ టీ అయినా తాగకండి. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. భోజనానికి గంట ఎడం ఉంచండి. నిద్ర పట్టనివారు గ్యోకురో రాత్రిపూట ముట్టుకోవద్దు. జపాన్ ఆహార పట్టికల ప్రకారం 100 మిల్లీలీటర్ల గ్యోకురోలో 160 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, కాఫీలో 60, సెంచాలో 20.

అడిగినవారి నుంచి (హైదరాబాద్)

ఈ రోజు చేశాను! క్యూసు ఇంకా రాలేదు కాబట్టి మూత ఉన్న చిన్న స్టీలు గిన్నెలో ఆకు వేసి, మీరు చెప్పినట్టు నీళ్లు మూడుసార్లు మార్చి పోసి, సరిగ్గా నిమిషానికి జాలీలో వంపేశాను. లేత పసుపుపచ్చ రంగు వచ్చింది. మొదట ఉడికిన పచ్చి బఠాణీ రుచి, మింగాక గొంతులో తీపి. ఇది ఆ పొట్లంలోని ఆకేనా అని మా వారు రెండుసార్లు అడిగారు. అదే ఆకు మీద రెండోసారి నీళ్లు పోసి మళ్లీ నిమిషం ఉంచితే మాత్రం కాస్త చేదెక్కింది. అది ఒక్క విడతకేనా?

జవాబు (నాగోయా నుంచి)

చదువుతుంటే ఎంత సంతోషంగా ఉందో! మూడు విడతలు వస్తుందండీ. మొదటి నిమిషం ముడుచుకున్న ఆకు విచ్చుకోవడానికి పడుతుంది. రెండోసారికి అది విచ్చుకునే ఉంటుంది కాబట్టి ఆగాల్సిన పని లేదు. నీళ్లు కాస్త వేడిగా, 80 డిగ్రీల దగ్గర పోసి, పదిహేను సెకన్లలో వంపేయండి. మూడోసారి ఇంకా వేడి నీళ్లు, అర నిమిషం. ఒక్కో విడతా ఒక్కో రుచి. మా ఇంట్లో మొదటిది నాకు, రెండోది మా ఆవిడకు ఇష్టం.

మిగిలిన ఆకును పారేయకండి. మొదటి కోత లేత ఆకైతే ఇక్కడ సోయా సాస్ రెండు చుక్కలు వేసుకుని తినేస్తారు. మేము ఉప్పు, నిమ్మరసం, కొంచెం నువ్వుల నూనె కలిపి వేడి అన్నంలోకి వేసుకుంటాం. మీ పొట్లంలో ఆకు సన్నగా, సూదిలా ఉందన్నారు కదా, ఒకసారి కలిపి చూడండి.